స్వేచ్ఛా వాణిజ్య మండలి - మన దీవి నేర్చిన పాఠం

(మారిషస్‌లో ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం "స్వేచ్ఛా వాణిజ్య మండలులు - అంతర్జాతీయ వ్యాపారం - ఆర్థిక సంస్కరణలు". పండుగనాడు పన్నులు, సుంకాల గోల ఏమిటని కొందరు అనుకోవచ్చు. వెనుక వరుసలోని పిల్లలు మెల్లగా లేచి భోజనాల పందిరివైపు వెళ్ళిపోతారేమోనని నాకూ భయంగానే ఉంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక నిద్రపోయే శ్రోతలు నాకు కొత్తకాదు. అయినా ఈ విషయం మీకు పరాయిది కాదని మొదటనే మనవి చేస్తాను.

ఈ సభలో కూర్చున్నవారిలో ఎందరి ఇళ్ళలో ఒక అమ్మో, ఒక పెద్దమ్మో, ఒక మేనత్తో "జోన్"లో పనిచేసిందో ఒక్కసారి తలచుకోండి. చాలామంది ఇళ్ళలో అని నాకు తెలుసు. తెల్లవారకముందే లేచి, టిఫిను డబ్బా సంచిలో వేసుకొని, కంపెనీ బస్సుకోసం రోడ్డు మలుపులో నిలబడిన ఆడవాళ్ళను మీరంతా చూచినవారే. వాళ్ళు నడిపిన కథే ఈనాటి నా ప్రసంగం.

మొదట ఆనాటి పరిస్థితి చెప్పాలి. మన దేశానికి 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. అప్పుడు మన ఎగుమతులలో నూటికి 90 వంతులకు పైగా చక్కెరే. చెరకు పండితే తిండి, తుపాను వస్తే పస్తు. 1960లో అలిక్స్, కేరొల్ తుపానులు ఒకదాని వెంట ఒకటి వచ్చి పంటను, ఇళ్ళను నేలమట్టం చేసినప్పుడు ఏమి జరిగిందో మీ తాతలు చెప్పే ఉంటారు. మరోవైపు మలేరియాను అదుపు చేసిన తరువాత జనాభా త్వరత్వరగా పెరిగింది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని సామెత. ఇంగ్లండునుంచి వచ్చిన ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లో ఒక నివేదిక ఇచ్చాడు. భూమి తక్కువ, జనం ఎక్కువ, పంట ఒక్కటే కనుక ఈ దీవి భవిష్యత్తు అంత ఆశాజనకంగా లేదని ఆయన భావించాడు. ఆయనకే తరువాత 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువమంది చేతులకు పని దొరికే పరిశ్రమలు పెట్టాలని కూడా ఆయన చెప్పాడుగాని, జనం చెవిని పడింది ఆయన భయం మాత్రమే.

పరిశ్రమలు పెట్టాలంటే సరే, ఎవరికోసం పెట్టాలి? 1960లలోనే మన ప్రభుత్వం దిగుమతులమీద భారీ సుంకాలు వేసి, వాటి చాటున ఇంటి అవసరాలకు సరుకు తయారుచేసే కొన్ని పరిశ్రమలకు ప్రోత్సాహం ఇచ్చింది. కాని 8 లక్షల జనాభా ఎన్ని సబ్బులు, ఎన్ని చెప్పులు కొనగలదు? సరుకు బయటి దేశాలకు పోవాలి. అక్కడే చిక్కు వచ్చింది.

ఆ చిక్కును పిల్లలకు కూడా తెలిసేలా ఒక స్వెటరుతో చెబుతాను. మీరు స్వెటర్లు అల్లి ఫ్రాన్సుకు పంపాలనుకొన్నారు. మన దీవిలో ఉన్ని లేదు, అల్లిక యంత్రాలు లేవు. రెండూ బయటినుంచి తేవాలి. రేవులో దిగగానే ఉన్నిమీద సుంకం, యంత్రంమీద సుంకం. లాభం వస్తే దానిమీద పన్ను. ఈ భారమంతా స్వెటరు ధరలో చేరుతుంది. హాంకాంగులో ఆ సుంకాలు లేని వ్యాపారి అదే స్వెటరును చవకగా అమ్ముతాడు. అంటే దిగుమతిమీద వేసిన సుంకం చివరకు మన ఎగుమతి మెడకే చుట్టుకొంటుందన్నమాట. సుంకాలన్నీ ఒక్కసారిగా ఎత్తివేద్దామంటే, వాటి చాటున బ్రతుకుతున్న ఇంటి పరిశ్రమలు కూలిపోతాయి, ఖజానాకు రాబడి తగ్గుతుంది.

స్వేచ్ఛా వాణిజ్య మండలి ఈ చిక్కుకు ఒక ఉపాయం. దేశం చుట్టూ ఉన్న గోడను అలాగే ఉంచి, అందులో ఒక చిన్న ద్వారం తెరవడం. ఎగుమతికోసమే సరుకు చేస్తామన్నవారికి ముడిసరుకుపై, యంత్రాలపై సుంకం ఉండదు. కొన్నేళ్ళపాటు లాభాలపై పన్ను ఉండదు. పరదేశి తన లాభాన్ని తన దేశానికి తీసుకొని పోవచ్చు. ప్రతిగా అతడు ఆ సరుకును ఇక్కడి అంగళ్ళలో స్వేచ్ఛగా అమ్ముకోరాదు, బయటకు పంపాలి.

ఇది మనం కనిపెట్టినది కాదు. ఐర్లండులోని షానన్ విమానాశ్రయం పక్కన 1959లో ఇటువంటి మండలి ఏర్పడింది. భారతదేశం 1965లో కాండ్లాలో పెట్టింది. తైవాన్‌లో కవోషుంగ్ రేవు దగ్గర 1966లో వచ్చింది. ఇటువంటి ప్రయోగాలను చూచివచ్చిన మన విశ్వవిద్యాలయ ఆచార్యులు ఎడ్వర్డ్ లిమ్ ఫాట్ ఆ ఆలోచనను ఇక్కడ గట్టిగా వినిపించారు. 1970లో ఎగుమతి మండలుల చట్టం వచ్చింది. ఫ్రెంచిలో దాన్ని జోన్ ఫ్రాంష్ అన్నారు. మన ఇళ్ళలో అది "జోన్" అయిపోయింది.

ఇక్కడ మన పెద్దలు ఒక తెలివైన పని చేశారు. ఇతర దేశాలు మండలి అంటే ఒక స్థలానికి కంచె వేసి, కాపలా పెట్టి, అందులోనే ఫ్యాక్టరీలు కట్టమన్నాయి. మనదేశంలో మండలి అంటే స్థలం కాదు, ఒక అనుమతి పత్రం. ఆ పత్రం ఉంటే దీవిలో ఏ ఊరిలోనైనా ఫ్యాక్టరీ పెట్టవచ్చు. పనిని వెతుక్కొంటూ ఆడపిల్లలు ఊరు విడిచి పోనక్కరలేకుండా, పనే చెరకు పల్లెల దగ్గరికి వచ్చింది. పల్లెకు ఫ్యాక్టరీ రాకపోతే, పల్లెకు బస్సయినా వచ్చింది.

ఇప్పుడు నా ఇంటి కథ కొంచెం చెప్పనివ్వండి. మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. ప్రాథమిక పాఠశాల ముగియగానే 1970లో చదువు మానేసి అమ్మతోపాటు చెరకు తోటకు వెళ్ళింది. మన దేశంలో సెకండరీ చదువు 1977లో ఉచితమైంది. ఆ ఏడే నేను కాలేజీ మెట్లెక్కాను, ఆ ఏడే అక్క జోన్‌లో చేరింది. ఒకే ఇంట్లో ఒకరికి తలుపు తెరుచుకొన్నది, ఒకరికి ఆలస్యమైంది. నేను తరువాత హైదరాబాదులో డిగ్రీ చదివాను. ఈనాడు మీ ముందు ఈమాత్రం తెలుగు మాట్లాడుతున్నానంటే దానికి మూలధనం మా అక్క ఓవర్‌టైం డబ్బు.

అక్కది లింకింగ్ పని. స్వెటరు మెడపట్టీలోని ఒక్కొక్క ఉన్ని కన్నునూ యంత్రం చుట్టూ ఉన్న సన్నని పళ్ళకు తగిలించి అతకడం. ఒక్క కన్ను తప్పితే మెడ ఊడిపోతుంది. మా ఊరి ఎండలో మోచేతులదాకా ఉన్ని నూగుతో ఇంటికి వచ్చేది. ఎవరికో చలి కాకుండా రోజంతా కష్టపడే మా అక్క అటువంటి స్వెటరు ఎన్నడూ తొడుక్కోలేదు. జోన్ చట్టం ప్రకారం వారానికి 45 గంటలు అయ్యాక మరో 10 గంటలు ఓవర్‌టైం చేయమంటే కాదనే వీలులేదు. తోటి దేశస్థులైన మిగతా కార్మికులకున్న రక్షణలు కొన్ని వీరికి లేవు. ఆ రోజులలో ఆడవారి కనీస వేతనం మగవారికంటే తక్కువ. అందుకే యజమానులు ఆడవారిని వెతికి పెట్టుకొన్నారు. ఆర్థికశాస్త్ర గ్రంథాలు దీన్ని "చవక శ్రమ" అంటాయి. మా ఇంట్లో ఆ చవక శ్రమకు ఒక పేరుంది, నన్ను ఎత్తుకొని పెంచిన చేతులున్నాయి.

అయినా ఒక మాట. తోటలోకి తిరిగి వెళతావా అని ఒకసారి అక్కను అడిగాను. "నీడలో కూర్చుని పని, నెల తిరిగేసరికి నా పేరుమీద జీతం. ఎందుకు పోతానురా?" అన్నది. మన ఆడవాళ్ళు తమ పేరుతో బ్యాంకు పుస్తకం తెరిచింది జోన్ వల్లనే. ఇనుపరేకుల ఇల్లు కాంక్రీటు ఇల్లయింది జోన్ వల్లనే. పెళ్ళి విషయంలో ఆడపిల్ల మాట ఇంట్లో చెల్లడం మొదలైంది కూడా అప్పుడే. ఇవన్నీ నిజాలు. అవీ నిజమే, ఇవీ నిజమే. ఉగాది పచ్చడి తిన్నవారికి ఈ సంగతి నేను వేరే చెప్పాలా?

మళ్ళీ దేశం కథకు వస్తాను. చట్టం వచ్చిన మరునాడే బంగారం కురవలేదు. 1974-75లో చక్కెర ధర ఆకాశానికెక్కినప్పుడు ఎస్టేటు యజమానులు ఆ లాభాలలో కొంత జోన్ ఫ్యాక్టరీలలో పెట్టారు. పెట్టుబడి అంతా పరాయిది కాకపోవడం మనకు మేలుచేసింది. తరువాత చక్కెర ధర పడిపోయింది, చమురు ధర పెరిగింది, ప్రభుత్వం అప్పులపాలయింది. 1979లోను, 1981లోను రూపాయి విలువ తగ్గించారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచబ్యాంకు షరతులతో అప్పులిచ్చాయి. బియ్యం, పిండి ధరలు పెరిగి ఇళ్ళలో గొణుగుడు మొదలయింది. 1980ల మొదట్లో పనికోసం చూచే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. కాని అదే తగ్గిన రూపాయి మన స్వెటరును బయట చవక చేసింది.

అప్పుడు వచ్చింది అసలు ఉప్పెన. 1983లో జోన్‌లో పనిచేసేవారు సుమారు 25 వేలమంది. 1988 నాటికి దాదాపు 90 వేలమంది. 1985లో జోన్ ఎగుమతుల రాబడి చక్కెరను దాటింది. గొర్రెలమందలు లేని దీవి ఉన్ని దుస్తుల ఎగుమతిలో ప్రపంచంలో పేరు తెచ్చుకొంది. దశాబ్దం ముగిసేసరికి నిరుద్యోగం మాట వినబడడం మానేసింది.

దీనికి కారణం పన్ను మినహాయింపు ఒక్కటేనా? కాదు. పన్ను మినహాయింపులు ఎన్నో దేశాలిచ్చాయి. వాటిలో చాలా మండలులు గడ్డి మొలిచి పడివున్నాయి. మనకు కలిసివచ్చినవి మరికొన్ని ఉన్నాయి. 1975 నాటి లోమే ఒప్పందం వల్ల మన సరుకు యూరపు సంతలోకి సుంకం లేకుండా వెళ్ళింది. ఆ ఒప్పందం ప్రకారం వస్త్రం నూలు దశనుంచి ఇక్కడే తయారుకావాలి. స్వెటరు నేరుగా నూలునుంచే అల్లుతారు కనుక మనవాళ్ళు ఉన్ని అల్లికను పట్టుకొన్నారు. ఇక హాంకాంగు వస్త్రాలపై ధనిక దేశాలు కోటాలు పెట్టాయి. పైగా 1997లో ఆ నగరం చైనాకు తిరిగి పోతుందన్న బెంగ వ్యాపారులకు ఉండేది. మన దేశంలో ఆ కోటాల ఇబ్బంది అంతగా లేదు. ఎన్నికలు జరిగేవి, కోర్టులు పనిచేసేవి, ఇక్కడ చైనా సంతతి కుటుంబాలూ ఉన్నాయి. అందువల్ల హాంకాంగు పెట్టుబడి ఇటు తిరిగింది. వీటన్నిటికీ తోడు చదవను, వ్రాయను వచ్చిన మన ఆడపిల్లల వేళ్ళు.

సంస్కరణ సంగతి ఇక్కడే ఉంది. జోన్ పెరిగినకొద్దీ దేశానికి ధైర్యం వచ్చింది. ఇంటి పరిశ్రమలో ఉద్యోగం పోయినా జోన్‌లో దొరుకుతుందన్న భరోసా ఉన్నప్పుడే సుంకాల గోడను కొంచెం కొంచెంగా దించగలం. 1980లలో దిగుమతి ఆంక్షలు సడలించారు. 1992లో రేవు దగ్గర ఫ్రీపోర్టు పెట్టారు. అక్కడ తయారీ కంటే నిలవచేయడం, విడగొట్టి మళ్ళీ మూటకట్టడం, ఆఫ్రికా తీరానికి తిరిగి పంపడం ముఖ్యం. చివరకు 2006 సంస్కరణలతో జోన్ ప్రత్యేక హోదానే ముగిసింది. ఎగుమతిదారుకు, ఇంటి వ్యాపారికి అప్పుడు ఒకే పన్ను పెట్టారు, నూటికి 15. గోడే తగ్గిపోయాక ప్రత్యేక ద్వారంతో పని ఏముంది? స్వేచ్ఛా వాణిజ్య మండలి విజయానికి గుర్తు అది శాశ్వతంగా నిలవడం కాదు, దాని అవసరం తీరిపోవడం. నా ప్రసంగమంతటిలో విద్యార్థులు గుర్తుంచుకోవలసిన వాక్యం ఇదొక్కటే.

అయితే ఆ ముగింపు అందరికీ సుఖంగా రాలేదు. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2005 జనవరి 1న పాత వస్త్ర కోటాలు రద్దయ్యాయి. మనను కాపాడిన కంచె తొలగింది. ఆ అయిదారేళ్ళలో 20 వేలకు పైగా ఉద్యోగాలు పోయాయి. మా అక్క పనిచేసిన ఫ్యాక్టరీ 2003లో మూతపడింది. ఒక సోమవారం తెల్లవారుజామున బస్సు వచ్చింది, గేటు మాత్రం తెరవలేదు. గేటుకు ఒక కాగితం అంటించి ఉంది. ఇరవై ఆరేళ్ళ పనికి అదీ వీడ్కోలు. అప్పటికి అక్కకు 45 ఏళ్ళు, కళ్ళు మసకబారాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అంటారు. దేశం తన ఇల్లు చక్కబెట్టుకొంది: పర్యాటకం, బ్యాంకులు, కంప్యూటరు పనులు వచ్చాయి. ఆ ఉద్యోగాలు మన పిల్లలకు వచ్చాయి. దీపంలో నూనె పోసినవారికి రాలేదు.

మన పూర్వీకులు ఓడ ఎక్కిన తీరాన్ని కూడా ఒకసారి చూద్దాం. మనను ఇక్కడ ఒకప్పుడు కోరంగివాళ్ళు అనేవారు. ఆ కోరంగి కాకినాడ పక్కనే ఉంది. భారత ప్రభుత్వం 1989లో విశాఖపట్నంలో ఎగుమతి మండలిని నెలకొల్పింది. 2005లో ప్రత్యేక ఆర్థిక మండలుల చట్టం చేసింది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో ఒక శ్రీలంక సంస్థ పెట్టిన దుస్తుల ఫ్యాక్టరీలకు చుట్టుపట్ల పల్లెలనుంచి వేలమంది ఆడపిల్లలు బస్సులలో వస్తారు. ఆ బస్సులు చూస్తే నాకు మా ఊరి రోడ్డు మలుపు గుర్తుకువస్తుంది. కాకినాడ దగ్గర మండలికోసం భూములు సేకరించినప్పుడు రైతులు ఏళ్ళతరబడి ఆందోళన చేశారు. మన దీవిలో ఫ్యాక్టరీని ఎక్కడైనా పెట్టుకోనిచ్చారు కనుక జోన్‌కోసం పల్లెలను ఖాళీ చేయించవలసిన పని పడలేదు. మండలి అనే మాట ఒకటే అయినా, అది భూమిని మింగుతుందా, పనిని పంచుతుందా అన్నది దాన్ని పెట్టే తీరును బట్టి ఉంటుంది.

చివరగా కొంచెం కష్టమైన మాట. 1990లనుంచి మన ఫ్యాక్టరీలకు మన ఆడపిల్లలు చాలలేదు. చైనానుంచి, తరువాత భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మడగాస్కరులనుంచి ఒప్పందం మీద కార్మికులను తెచ్చారు. వాళ్ళు మన ఊళ్ళ పక్కనే డార్మిటరీలలో ఉంటారు. ఆదివారం సంతలో గుంపుగా నడుస్తారు, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతారు. వాళ్ళను చూచి మనవాళ్ళే ముఖం చిట్లించడం నేను విన్నాను. పోర్టు లూయిలోని ఆప్రవాసీ ఘాటుకు 2006లో ప్రపంచ వారసత్వ గౌరవం వచ్చింది. జోన్ హోదా ముగిసింది కూడా ఆ ఏడే. ఆ 16 మెట్లు ఎక్కి వచ్చిన మన ముత్తాతల చేతిలో ఉన్నదేమిటి? అయిదేళ్ళ ఒప్పంద పత్రం. డార్మిటరీ అమ్మాయి పెట్టెలో ఉన్నదేమిటి? అదీ ఒప్పంద పత్రమే. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళం మనం కాకూడదు.

కనుక ఈ సభకు రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. మన మందిరాలలోని సాయంకాలపు తెలుగు బడులకు ఆ రోజులలో అక్కలాంటివాళ్ళు రాలేకపోయారు. ఓవర్‌టైం ముగిసేసరికి బడి తలుపు మూసేవారు. క్రియోల్ మన ఇళ్ళలోకి జోన్ కంటే ముందే వచ్చింది, ఆ నింద జోన్‌మీద వేయను. కాని ఆ తరం ఆడపిల్లల తెలుగు అరకొరగా మిగలడంలో దాని వంతు ఉంది. ఇప్పుడు ఆ బడిలోని పిల్లలు తమ నాయనమ్మ, అమ్మమ్మల దగ్గర కూర్చుని జోన్ కథలు అడిగి వ్రాసుకోవాలి. వచ్చినంత తెలుగులో వ్రాస్తే చాలు. ఏ ఊరినుంచి ఏ బస్సు వచ్చేది, మొదటి జీతంతో ఏమి కొన్నారు, చిట్టచివరి రోజు గేటు దగ్గర ఎవరు ఏడ్చారు: ఇవి ఏ ప్రభుత్వ నివేదికలోను దొరకవు. రెండవది, వచ్చే ఉగాదికి మన ఊరి పక్క డార్మిటరీలోని వారిని పిలిచి, మనతోపాటు పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెడదాం.

ఇందాక ఈ వేదికమీద మన చిన్నారులు కూచిపూడి ఆడారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ పిల్లల దుస్తుల కుచ్చిళ్ళు కుట్టిన మనిషి రెండవ వరుసలో కళ్ళద్దాలు తుడుచుకొంటూ కూర్చుని ఉన్నది. ఇప్పుడు ఆమెకు అరవై దాటాయి. అతుకు ఊడితే మాట రాకూడదని ఈనాటికీ ప్రతి కుట్టును రెండుసార్లు చూస్తుంది. నేను చెప్పిన ఆర్థికశాస్త్రమంతా మొదట నేర్పింది ఆమే.